చూడముచ్చటైన పడవా, పిల్లగాలికి కదిలే పడవా: కొనేముందు ఎలా తేల్చుకోవాలి

అమెరికా తూర్పు తీరంలోని చెసపీక్ బేలో సొంత సెయిల్‌బోట్ ఉండాలని ముచ్చటపడి మేరీలాండ్, వర్జీనియాల్లో ఉండే మన వాళ్లు కొందరు నాకు పడవల ఫొటోలు పంపుతుంటారు. ముక్కు నుంచి ముందుకు పొడుచుకొచ్చిన కొయ్య (బౌస్ప్రిట్), రెండు కొసలూ మొనదేలిన పడవ ఒళ్లు (హల్), టేకు డెక్, గుండ్రటి ఇత్తడి కిటికీలు. "అన్నా, ఇదెలా ఉంది?" అని అడుగుతారు. చాలా బాగుంటుంది, అందులో అనుమానం లేదు. నేను మాత్రం తిరిగి ఒకటే అడుగుతాను: జులైలో ఈ పడవ వేసుకుని ఎక్కడికి వెళ్దామనుకుంటున్నారు, ఎంత గాలిలో?

ఎందుకంటే ఇక్కడ వేసవి గాలి అలా ఉంటుంది. పొద్దున 5 నాట్లు (నాట్ అంటే గంటకు దాదాపు 1.85 కిలోమీటర్లు), మధ్యాహ్నానికి అదీ ఉండదు, సాయంత్రం ఉన్నట్టుండి ఉరుములతో వాన వచ్చి పావుగంట వీరంగం చేసి వెళ్లిపోతుంది, మళ్లీ నీళ్లు అద్దంలా. పైగా 5 నాట్ల గాలికి ఉండే బలం 10 నాట్ల గాలిలో సగం కాదు, నాలుగో వంతే. ఈ ఒక్క లెక్క ముందే తెలిసి ఉంటే నా మొదటి పడవను వేరేలా ఎంచుకునేవాణ్ణి. అది బరువైన, పొడవాటి కీల్ (అడుగున నీటిలోకి దిగే రెక్కలాంటి భాగం) ఉన్న, చాలా అందమైన పడవ. లంగరు వేసి డింగీలో ఒడ్డుకు వెళ్తూ ప్రతిసారీ వెనక్కి తిరిగి దాన్నే చూసుకునేవాణ్ణి. కానీ మూడు వేసవుల లాగ్‌బుక్ తిరగేస్తే ఎక్కువ గంటలు ఇంజిన్ మీదే నడిచాం. డీజిల్ వాసన, ఇంజిన్ మోత, పైన ఎండ, పిల్లలు కింద క్యాబిన్‌లో చెమటలు కక్కుతూ. తెరచాపలు విప్పకుండా తిరిగితే సెయిల్‌బోట్ ఎందుకని మా ఆవిడ అడిగితే నా దగ్గర సమాధానం లేదు. అమ్మినరోజు మాత్రం నిజంగా ఏడ్చాను.

అలాగని అందమైన పడవ కొనొద్దని నేను చెప్పడం లేదు. అందం వేరు, చిరుగాలిలో నడక వేరు, రెండిటికీ పుట్టు శత్రుత్వం ఏమీ లేదు. మీరు చేయాల్సిన పని ఏంటంటే, ఆ పడవలో మీకు నచ్చింది ఏ భాగమో విడదీసి చూసుకుని, ఆ భాగం పిల్లగాలిలో మీ దగ్గర ఎంత వసూలు చేస్తుందో లెక్క వేసుకోవడం. ముక్కు నుంచి వెనక దాకా ఒంపు తిరిగి సాగే డెక్ అంచు గీత ఉంటుంది చూడండి, షీర్ అంటారు, పడవ అందంలో సగం అక్కడే ఉంటుంది, దానికి పైసా ఖర్చు లేదు. బౌస్ప్రిట్ కూడా దోషి కాదు, నిజానికి దానివల్ల ఇంకాస్త తెరచాప కట్టుకోవచ్చు. ముందూ వెనకా నీటి మీదికి సాగిన పాతకాలపు కొసల గురించి చాలామంది అపోహ పడతారు. నీటి గీత పొడవు తగ్గితే వేగం తగ్గుతుందన్నది నిజమే, కానీ అది గాలి బాగా ఉన్నప్పటి సంగతి. 5 నాట్ల గాలిలో పడవను ఆపేది అది పుట్టించే అల కాదు, నీటికీ అడుగుభాగానికీ మధ్య రాపిడి. కాబట్టి అసలు ఖరీదైనవి మూడు: బరువు, నీటిలో తడిసే అడుగుభాగం ఎంత పెద్దదన్నది, పొట్టి మాస్ట్ (తెరచాప కట్టే నిలువు స్తంభం). ముక్కు నుంచి చుక్కాని దాకా సాగే ఫుల్ కీల్ ఉంటే తడిసే చోటు బాగా పెరుగుతుంది. పొట్టి మాస్ట్ ఉంటే పైనెక్కడో ఉన్న ఆ కాస్త గాలీ అందదు.

ఇక పడవ బరువుకు తగ్గ తెరచాప ఉందో లేదో చెప్పే లెక్క. ప్రకటనలో బరువు, తెరచాప విస్తీర్ణం ఉంటాయి. బరువును పౌండ్లలో తీసుకుని 64తో భాగించండి (ఒక ఘనపుటడుగు సముద్రపు నీరు 64 పౌండ్లు), వచ్చినదానికి ఘనమూలం కట్టి, దాన్ని వర్గం చేయండి. తెరచాప చదరపు అడుగుల్ని దాంతో భాగించండి. ఉదాహరణకు 8000 పౌండ్ల పడవ, 450 చదరపు అడుగుల తెరచాప అనుకుందాం. 8000ను 64తో భాగిస్తే 125, ఘనమూలం 5, వర్గం 25, 450ని 25తో భాగిస్తే 18. క్రూజింగ్ పడవకు (పందేలకు కాక తిరగడానికి వాడేదానికి) 18 అంటే చిరుగాలిలో హాయిగా కదులుతుంది. 16 దగ్గర సర్దుకోవచ్చు. 15 కంటే తక్కువైతే మన బేలో వేసవంతా ఇంజిన్‌తో కాపురమే. ఒక జాగ్రత్త: కొందరు జెనోవా అనే పెద్ద ముందు తెరచాపతో కలిపి విస్తీర్ణం వేసి అంకె పెంచి చూపిస్తారు, ముందు తెరచాపకు మాస్ట్‌కీ పడవ ముక్కుకీ మధ్య ఉండే త్రికోణం వంద శాతం మాత్రమే తీసుకుని మీరే మళ్లీ కట్టండి. బరువు కూడా ఖాళీ పడవదే రాస్తారు. మీరు నింపే నీళ్లు గ్యాలన్‌కు 8 పౌండ్ల పైన ఉంటాయి, వంద గ్యాలన్ల ట్యాంకు నిండితే 800 పౌండ్లు దాటుతుంది.

ఈ లెక్క వెస్ట్‌సెయిల్ 32కి కట్టి చూడండి. ఫొటోలో దాన్ని చూసి మనసు పారేసుకోని వాళ్లు తక్కువ. 19,500 పౌండ్లు, 629 చదరపు అడుగులు, వచ్చేది 14కి కాస్త లోపు. ఇక్కడి సెయిలర్లు దాని పేరును మార్చి 'వెట్‌స్నెయిల్', అంటే తడి నత్త అని పిలుస్తారు, అది నాకు నచ్చదు, ఎందుకంటే ఆ పడవ పుట్టిందే వేరే పనికి. నార్వేలో తుపానులో చిక్కిన జాలర్లను కాపాడటానికి కోలిన్ ఆర్చర్ గీసిన పడవల వంశం అది. విలియం ఆట్కిన్ ఆ పోలికలతో ఎరిక్ అనే 32 అడుగుల పడవ గీశాడు. అదే నమూనాలో మన ముంబైలో టేకుతో కట్టిన సుహైలీలో రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968-69లో 312 రోజులు ఒంటరిగా, ఎక్కడా ఆగకుండా ప్రపంచం చుట్టి వచ్చాడు, అలా చుట్టిన మొదటి మనిషి ఆయనే. వెస్ట్‌సెయిల్ కూడా ఆ ఎరిక్ నుంచి వచ్చిందే. 1991 అక్టోబర్ తుపానులో సటోరి అనే వెస్ట్‌సెయిల్ 32 నుంచి మనుషుల్ని కోస్ట్ గార్డ్ తీసుకెళ్లిపోయాక, ఆ పడవ తనంతట తనే తేలుతూ వచ్చి మేరీలాండ్ తీరంలో ఇసుక మీద ఆగింది. అట్లాంటిక్ దాటాలనుకుంటే అలాంటి పడవ మీదే నా ప్రాణం పెడతాను. అనాపొలిస్ నుంచి సెయింట్ మైకేల్స్‌కు వారాంతం వెళ్లి రావడానికి మాత్రం అది సరైన పడవ కాదు.

మధ్యలో ఉండే పడవలే అసలు తికమక పెడతాయి. కార్ల్ ఆల్‌బర్గ్ గీసిన ఆల్‌బర్గ్ 30 తీసుకోండి, 9000 పౌండ్లు, 410 చదరపు అడుగులు, లెక్క 15 చిల్లర. నా కంటికి ఆ సైజులో అంతకంటే అందమైన ఫైబర్‌గ్లాస్ పడవ లేదు. క్యాటలీనా 30 అనే ఇంకో పడవకి కట్టినా దాదాపు అదే అంకె వస్తుంది. మరి రెండూ ఒకటేనా? కాదు. ఆల్‌బర్గ్‌ది పొడవాటి కీల్, క్యాటలీనాది చేప రెక్కలా పొట్టిగా ఉండే ఫిన్ కీల్, విడిగా చుక్కాని, కాబట్టి నీటిలో రాపిడి వేరు. అంకె ఒక్కటే చూసి సంతకం పెట్టకండి, పడవను నీళ్లలోంచి పైకి లేపినప్పుడు వెళ్లి కింద నిలబడి చూడండి.

ఈ నీళ్లకు ఏ పడవ సరిపోతుందో ఇక్కడి పాత జనం ఎప్పుడో తేల్చేశారు. చెసపీక్‌లో ఆయిస్టర్లు (ఆల్చిప్పలు) పట్టే స్కిప్‌జాక్ అనే పడవల్ని చూడండి: వెడల్పైన పడవ, లోతు తక్కువ నీళ్లకు తగ్గట్టు పైకి లేచే సెంటర్‌బోర్డ్ అనే పలక, తెరచాప కింది అంచును పట్టే, పడవ పొడవుతో పోటీపడే బూమ్ అనే కొయ్య, దానికి ఆకాశమంత తెరచాప. గాలి తక్కువున్నా నీటి అడుగున ఆయిస్టర్లను గోకి పట్టే ఇనుప డ్రెడ్జ్‌ని లాగాలి కదా. ఎంత అందంగా ఉంటాయో! పిల్లగాలి కోసం కట్టిన పడవ వికారంగా ఉండాలని ఏమీ లేదని నాకు అర్థమైంది వాటిని చూశాకే.

నచ్చిన పడవ దొరికితే ట్రయల్‌కు గాలి లేని రోజే వెళ్లండి. బ్రోకర్ "ఈ రోజు గాలి లేదు, వచ్చే వారం పెట్టుకుందాం" అంటే ఒప్పుకోకండి, 15 నాట్ల గాలిలో ఏ పడవైనా బాగానే నడుస్తుంది. 6 నాట్ల గాలిలో ఇంజిన్ ఆపేయమనండి. గాలిని పక్కనుంచి తీసుకుని నడిపితే ఆ గాలి వేగంలో సగమైనా రావాలి, 3 నాట్లన్నమాట. జీపీఎస్ మీద చూస్తుంటే పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ రెండుసార్లు చూడండి, లేకపోతే ఆటుపోట్ల ప్రవాహం మిమ్మల్ని మోసం చేస్తుంది. తర్వాత ట్యాక్ చేయండి, అంటే గాలికి ఎదురుగా తిప్పి అవతలి వైపుకు మళ్లించండి, ముక్కు గాలిని దాటి అవతలికి వెళ్తుందా, మధ్యలోనే నీరసపడి ఆగిపోతుందా? మోటర్‌బోట్ల అలలు వచ్చి కొట్టినప్పుడు ఏం జరుగుతుందో కూడా గమనించండి. ఇక్కడ మరీ తేలికైన పడవ టక్కున ఆగిపోతుంది, కాస్త బరువున్న పడవ ఊపు మీద దాటేస్తుంది, కాబట్టి బరువంతా చెడ్డదనీ అనుకోవద్దు. అడుగు ఎప్పుడు శుభ్రం చేశారో, ప్రొపెల్లర్ ఏ రకమో, తెరచాపల వయసెంతో అడక్కుండా ఆ పడవ మీద తీర్పు చెప్పకండి. వేసవిలో అడుగున బార్నకిల్స్ (అతుక్కుపోయే చిన్న గుల్ల జీవులు) పట్టిన పడవ ఏదైనా బద్ధకంగానే నడుస్తుంది.

ఇప్పటికే మనసు పడిపోయారు, అంకె 15 వచ్చింది, అయినా అదే కావాలంటే, అప్పుడు ధరలో కొంత పక్కన పెట్టుకోండి. ముందుగా మూడు రెక్కల ఫిక్స్‌డ్ ప్రొపెల్లర్ తీసేసి ముడుచుకునేది పెట్టించండి, సెయిలింగ్‌లో వెనక్కి లాగుతున్న చెయ్యి ఒకటి వదిలేసినట్టుంటుంది. తర్వాత పల్చటి నైలాన్ తెరచాప, ఎసిమెట్రిక్ స్పినాకర్ అయినా డ్రిఫ్టర్ అయినా సరే. సాగిపోయిన పాత డాక్రాన్ బట్ట తెరచాపలు మార్చడం ఖర్చుతో కూడిన పని, కానీ మీరు కొనబోయే కొత్త ఎలక్ట్రానిక్స్ కంటే అదే ముందు. లాకర్లలో పదేళ్లుగా ఎవరూ ముట్టని సామాను దించేయండి. గాలి సరిగ్గా వెనకనుంచి వస్తుంటే నేరుగా దానితోపాటే పోకుండా కాస్త పక్కకు తిప్పి నడపండి, దూరం పెరిగినా తెరచాపకు తగిలే గాలి పెరుగుతుంది, పడవ ప్రాణం పోసుకుంటుంది.

కాబట్టి ఈసారి నాకు ఫొటో పంపేటప్పుడు దాంతోపాటు బరువు, తెరచాప విస్తీర్ణం, కీల్ ఏ రకం, ప్రొపెల్లర్ ఏ రకం, ఈ నాలుగూ రాయండి. వీలైతే నీళ్లలోంచి పైకి లేపినప్పుడు పక్కనుంచి తీసిన ఫొటో ఒకటి.