అంబులెన్స్‌కి దారి చూపే మ్యాప్, 3వ పాఠం: పిన్ను గేటు దగ్గర పెట్టడం

పోయిన రెండు పాఠాల్లో అక్షాంశం రేఖాంశం అంటే ఏంటి, ఫోన్‌లో అవి ఎక్కడ కనిపిస్తాయి అనేది చూశాం కదా, ముందుకెళ్ళే ముందు ఒక్కసారి గుర్తు చేసుకుందాం. అక్షాంశంలో ఒక డిగ్రీ అంటే సుమారు 111 కిలోమీటర్లు. కాబట్టి దశాంశం తర్వాత 3 అంకెలే రాస్తే పాయింట్ వంద మీటర్ల దాకా పక్కకి పోవచ్చు, 4 రాస్తే 11 మీటర్లు, 5 రాస్తే మీటరు చిల్లర. మనకి 5 చాలు. 7, 8 అంకెలు రాసినంత మాత్రాన ఫోన్ అంత కరెక్ట్‌గా కొలిచినట్టు కాదు, ఆకాశం బాగా కనపడే చోట కూడా మామూలు ఫోన్ ఓ 5 మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. అలాగే అక్షాంశం ముందు, రేఖాంశం తర్వాత, ఇది తారుమారు అయితే పాయింట్ వెళ్ళి ఏ సముద్రంలోనో పడుతుంది.

ఇవాళ చెప్పేది వినడానికి చిన్న విషయమే గానీ నా వరకు ఈ సిరీస్ మొత్తంలో ముఖ్యమైనది ఇదే, ఎందుకంటే ఇది నా కళ్ళ ముందు జరిగింది. మా పక్క బిల్డింగ్‌లో ఒక పెద్దాయనకి రాత్రిపూట గుండెనొప్పి వచ్చింది. ఇంట్లోవాళ్ళు ఫోన్ చేశారు, అడ్రస్ చెప్పారు, లొకేషన్ కూడా పంపారు, అంబులెన్స్ తొందరగానే వచ్చింది, కానీ వెనక సందులోకి వచ్చింది. అటువైపు గోడే గానీ గేటు లేదు. ఆ సందులో బండి తిప్పే చోటు కూడా లేదు, రివర్స్‌లో చివరిదాకా వెనక్కి పోయి చుట్టూ తిరిగి రావాలి. మేమంతా ముందు గేటు దగ్గర నిలబడి ఉన్నాం, సైరన్ దగ్గర్లోనే వినపడుతోంది, బండి మాత్రం రావట్లేదు. ఆయన బతికారు, కానీ ఆ సైరన్ వింటూ నిలబడ్డ నిమిషాలు నేను మర్చిపోలేను. గుండె ఆగిపోయిన మనిషికి సీపీఆర్ గానీ షాక్ గానీ అందకపోతే నిమిషానికి 7 నుంచి 10 శాతం చొప్పున బతికే అవకాశం తగ్గిపోతుందని డాక్టర్లు చెప్తారు, ఆ లెక్కలో చూస్తే ఒక సందు చుట్టు తిరిగి రావడం ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

అసలు ఎందుకు అలా అయింది? డ్రైవర్ తప్పు లేదు, ఫోన్ తప్పూ లేదు. మ్యాప్‌లో ఆ బిల్డింగ్ పిన్ను సరిగ్గా కప్పు మధ్యలో ఉంది. దారి చూపించే సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుందంటే, ఆ పిన్ను నుంచి తిన్నగా కొలిచి ఏ రోడ్డు దగ్గరగా ఉందో చూసి దాని మీదకి బండిని పంపిస్తుంది. గోడ ఉందా, గేటు ఎటువైపు ఉంది, ఇవేవీ దానికి తెలియవు, మనం చెప్తే తప్ప. ఆ బిల్డింగ్ ముందు పెద్ద ఖాళీ స్థలం ఉంది కాబట్టి వెనక సందే దగ్గరయింది, అంతే. కాంపౌండ్ పెద్దదిగా ఉండే స్కూళ్ళు, ఫ్యాక్టరీలు, రెండు వీధుల మధ్య ఇరుక్కున్న ఇళ్ళు, వీటన్నిటికీ ఇదే గండం.

కాబట్టి మన పని, పిన్నుని కప్పు మీద నుంచి తీసి మనిషి లోపలికి వెళ్ళే చోట పెట్టడం. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో, అంటే ఎవరైనా సరిచెయ్యగలిగే ఉచిత మ్యాప్‌లో, దీనికి ఎంట్రన్స్ అనే ట్యాగ్ (పాయింట్ మీద పెట్టే గుర్తు) ఉంది, మెయిన్ ఎంట్రన్స్ అని విడిగా చెప్పొచ్చు, ఇంటి నంబర్ కూడా ఆ పాయింట్ మీదే పెట్టొచ్చు. ఫోన్‌లో చెయ్యాలంటే ఎవ్రీడోర్ అనే యాప్ బావుంటుంది, అందులో ఇంటి నంబర్లకీ గుమ్మాలకీ వేరే మోడ్ ఉంది. ఇంకా కొత్తవాళ్ళయితే స్ట్రీట్‌కంప్లీట్‌తో మొదలుపెట్టండి, అది ఆండ్రాయిడ్ ఫోన్‌లో మీరు నడుస్తుంటే ఈ బిల్డింగ్ నంబర్ ఎంత అని అదే అడుగుతుంది, మీరు చూసి చెప్తే చాలు. వేరే కంపెనీ మ్యాప్‌లో చూసి ఇందులోకి కాపీ కొట్టకూడదు, లైసెన్స్ ఒప్పుకోదు, పైగా వాళ్ళ తప్పులు కూడా మనతో పాటు వచ్చేస్తాయి. నడిచి చూసిందే రాయాలి. ఇంట్లో ఉండేవాళ్ళ పేర్లు, ఫోన్ నంబర్లు ఎప్పుడూ ఎక్కించొద్దు, అది అందరికీ కనపడే మ్యాప్, బండికి కావాల్సింది నంబరూ గేటూ మాత్రమే.

గేటు ముందు నిలబడగానే బటన్ నొక్కెయ్యకండి. నీలం చుక్క చుట్టూ ఒక వలయం ఉంటుంది చూడండి, ఆ వలయం చిన్నదయ్యేదాకా అర నిమిషమైనా ఆగండి. ఇరుకు సందుల్లో, ఎత్తు బిల్డింగుల మధ్య శాటిలైట్ సిగ్నల్ గోడలకి తగిలి తిరిగి వస్తుంది, అప్పుడు మీరు వీధికి ఇటుపక్క నిలబడితే ఫోన్ అటుపక్క చూపిస్తుంది. అలాంటప్పుడు చుక్కని నమ్మకుండా, వెనకాల కనిపించే శాటిలైట్ ఫోటో చూసి చేత్తో జరపండి. అయితే ఆ ఫోటో కూడా దేవుడు గీసింది కాదు, కొన్నిచోట్ల అదే కొన్ని మీటర్లు పక్కకి జరిగి ఉంటుంది. కనిపెట్టడం ఎలా అంటే, ఓపెన్‌గా ఉండే పెద్ద రోడ్డు మీద అటూ ఇటూ రెండు మూడు సార్లు నడిచి, ఫోన్ రికార్డ్ చేసిన ఆ దారి గీతల్ని ఫోటో మీద పెట్టి చూడండి, అన్నీ ఒకే వైపుకి జరిగి ఉంటే తేడా ఫోటోలోనే ఉంది. ఇది చాలామంది వదిలేస్తారు, వదలొద్దు.

ఇక నంబర్ల సంగతి. శాటిలైట్ నుంచి కప్పు కనపడుతుంది గానీ తలుపు మీద నంబరు కనపడదు. 2010 జనవరిలో హైతీలో భూకంపం వచ్చినప్పుడు ప్రపంచం నలుమూలల నుంచి వాలంటీర్లు ఫోటోలు చూసి కొన్ని రోజుల్లోనే రాజధాని పోర్టోప్రిన్స్ రోడ్లు దాదాపు అన్నీ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో గీసేశారు, సహాయానికి వెళ్ళినవాళ్ళు ఆ మ్యాపే వాడారు, అది నిజంగా గొప్ప పని. కానీ వీధి పేరు ఏంటి, ఆ ఇంటిని అక్కడివాళ్ళు ఏమంటారు అనేది ఆ నేల మీద తిరిగే మనిషికే తెలుస్తుంది. మన పని విలువ అక్కడుంది.

నంబర్లు ఇళ్ళు కట్టిన వరసలో ఇచ్చుకుంటూ పోతే 12 పక్కన 87 వస్తుంది, వరసగా ఇస్తే మధ్యలో కొత్త ఇల్లు లేచినప్పుడు 12 బై 1, 12 బై 1 బై 2 అని తోకలు పెరుగుతాయి, రాత్రిపూట వెతికేవాడి ప్రాణం తోడేస్తాయి. దీనికి మంచి పద్ధతి దూరాన్నే నంబరుగా ఇవ్వడం. ఫ్రాన్స్ పల్లెల్లో చాలాచోట్ల రోడ్డు మొదటి నుంచి ఎన్ని మీటర్లో అదే ఇంటి నంబరు, 340 అంటే 340 మీటర్లు నడిస్తే వస్తుంది, మధ్యలో ఎన్ని ఇళ్ళు లేచినా ఇబ్బంది లేదు. అమెరికాలోని షికాగోలో ఎడ్వర్డ్ బ్రెన్నన్ అనే ఆయన ఏళ్ళ తరబడి వెంటపడితే 1909లో ఊళ్ళో చాలావరకు నంబర్లు మార్చారు, ఊరి మధ్య ఒక కూడలిని సున్నాగా పెట్టి మైలుకి 800 చొప్పున, రోడ్డుకి ఒక పక్క సరి సంఖ్యలు రెండో పక్క బేసి సంఖ్యలు. అక్కడ నంబరు వింటే చాలు ఎంత దూరమో ఏ పక్కో డ్రైవర్‌కి తెలిసిపోతుంది. మనం ఊరి నంబర్లు మార్చలేం కదా అంటారేమో, నిజమే, మార్చే అధికారం ఉన్నవాళ్ళు వేరే. మనం తలుపు మీద ఉన్నది ఉన్నట్టు ఎక్కించడమే, సొంతంగా నంబర్లు కల్పిస్తే మాత్రం అది అసలు లేకపోవడం కన్నా ప్రమాదం.

ఫోన్ ఎలాగూ లొకేషన్ పంపుతుంది కదా, ఇదంతా ఎందుకు అని ఒక ప్రశ్న వస్తుంది. కరెక్టే, ఎమర్జెన్సీ నంబర్‌కి కాల్ చెయ్యగానే ఫోన్ తనంతట తానే లొకేషన్ పంపే పద్ధతి ఒకటుంది, 2014లో బ్రిటన్‌లో మొదలైంది, తర్వాత ఆండ్రాయిడ్ ఫోన్లలోకీ ఐఫోన్లలోకీ వచ్చింది. కానీ ఏ దేశం దాన్ని పెట్టుకుంటే అక్కడే పనిచేస్తుంది. పెట్టుకున్నచోట కూడా అది చెప్పేది ఫోన్ ఎక్కడుందో, బండి ఏ గేటులోంచి రావాలో కాదు. పైగా కొడుకు వేరే ఊళ్ళో ఉండి ఇంట్లో ఉన్న అమ్మ కోసం కాల్ చేస్తే ఆ లొకేషన్ ఎందుకు పనికొస్తుంది? అప్పుడు దిక్కు అడ్రస్సే.

ఇంకో ముఖ్యమైన మాట, అంబులెన్స్ కంట్రోల్ రూంలు చాలాచోట్ల సొంత మ్యాప్ వాడతాయి, మీరు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో సరిచేసినంత మాత్రాన వాళ్ళ స్క్రీన్ మీద మారదు. అందుకే మీ వీధి పని అయ్యాక గేటు పాయింట్ల లిస్ట్ ఒకటి తీసి మీ స్థానిక అధికారులకీ, అంబులెన్స్ స్టేషన్‌కీ రాతపూర్వకంగా ఇవ్వండి. లెటర్ ఎలా రాయాలో 6వ పాఠంలో చూద్దాం.

హోంవర్క్. మీ వీధిలో 10 ఇళ్ళు తీసుకోండి, అందులో కనీసం రెండిటికి రెండు వైపులా రోడ్డు ఉండాలి, అక్కడే అసలు పరీక్ష. ముందు పేపర్ మీద గీసుకోండి, నంబరు, గేటు ఏ వైపు, గేటు దాకా బండి పడుతుందా లేక ఎక్కడ ఆపి స్ట్రెచర్‌తో నడవాలి. తర్వాత యాప్‌లో ఎక్కించండి. కొన్నాళ్ళాగి, ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌తో దారి చూపించే ఆస్మ్‌అండ్ లాంటి యాప్‌లో మ్యాప్ అప్‌డేట్ చేసుకుని, దూరంగా ఏదో ఒక చోట నుంచి ఆ ఇంటికి దారి అడగండి, గీత ఏ రోడ్డు మీద ఆగిందో చూడండి. వెనక సందులో ఆగితే గేటు పాయింట్ ఎక్కడ తప్పిందో, లేక ముందు రోడ్డే మ్యాప్‌లో లేదేమో వెతకండి. వచ్చే పాఠం అపార్ట్‌మెంట్ల గురించి, బ్లాకులు, మెట్లు, స్ట్రెచర్ పట్టే లిఫ్ట్ ఏది, కాబట్టి మీ 10లో ఒక అపార్ట్‌మెంట్ ఉంటే దాని స్కెచ్ పారెయ్యకుండా దాచిపెట్టుకోండి.