సిరిమాను వీడియోలతో నిండిన ఫోన్: వాట్సాప్ ఖాళీ చేసే పద్ధతి

విజయనగరంలో పైడితల్లమ్మ సిరిమానోత్సవం, అరసవల్లిలో రథసప్తమి అయ్యాయంటే ఒకే వీడియో చుట్టాల గ్రూపులోనూ, వీధి గ్రూపులోనూ వచ్చి పడుతుంది. ఫోన్ నిండేది వాటితోనే, మాటలతో కాదు.

వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్ తెరవండి. 5 ఎంబీ దాటినవి, ఎక్కువసార్లు ఫార్వర్డ్ అయినవి పైనే విడిగా కనిపిస్తాయి. ముందు పెద్దవి చూడండి. భూమి కాగితాలు, ఆసుపత్రి రిపోర్టుల ఫొటోలు వాటిలో కలిసిపోయి ఉంటాయి, అందుకే 'అన్నీ సెలెక్ట్' నొక్కే ముందు వాటిని వేరేచోట దాచుకోండి. తీసేశాక కూడా గూగుల్ ఫొటోస్‌లో బ్యాకప్ అయిన కాపీ అలాగే ఉంటుంది. అక్కడ విడిగా తీసి, బిన్ కూడా ఖాళీ చేయాలి. లేకపోతే 60 రోజులు అందులోనే ఉంటుంది.

మళ్లీ నిండకుండా మీడియా ఆటో డౌన్‌లోడ్‌లో మొబైల్ డేటా, వైఫై, రోమింగ్ మూడింటిలోనూ వీడియో టిక్ తీసేయండి. చాలామంది మొబైల్ డేటాది తీసి వైఫైది వదిలేస్తారు, ఇంటికి రాగానే అన్నీ దిగిపోతాయి.

పాత వీడియోలు చెరిపితే డేటా సెంటర్లలో (కంపెనీల సర్వర్లు ఉండే చోట) కరెంటు ఆదా అవుతుందనే మాట ఒకటుంది. కానీ ఫోన్‌లో చెరిపినంత మాత్రాన పెద్దగా ఒరిగేది లేదు. చేరిన మెసేజ్‌ని వాట్సాప్ సర్వర్లో ఉంచుకోదు. డేటా సెంటర్‌లో చోటు తినేది గూగుల్ డ్రైవ్ బ్యాకప్. చాట్ బ్యాకప్‌లో 'వీడియోలతో సహా' ఆపి, రోజూ బదులు వారానికోసారి పెట్టండి. ఆండ్రాయిడ్‌లో ఆ బ్యాకప్ మీ ఉచిత 15 జీబీలోంచే పోతుంది.