ఐఐఓలో కొత్త డ్రైవర్ రాసేముందు పాతది ఎక్కడుందో వెతకండి

లినక్స్‌లో సెన్సర్ డ్రైవర్ రాద్దామనుకునేవాళ్లు ముందు డేటాషీట్ (చిప్ గురించి తయారీదారు ఇచ్చే వివరాల పత్రం) తెరుస్తారు, నన్నడిగితే ముందు తెరవాల్సింది సోర్స్ ట్రీ, అంటే లినక్స్ కెర్నల్ కోడంతా ఉండే ఫోల్డర్. ఐఐఓ (సెన్సర్ల లాంటి చిప్‌ల కోసం కెర్నల్‌లో ఉన్న విభాగం) ఫ్రేమ్‌వర్క్ కుదురుకోకముందు సెన్సర్ డ్రైవర్లని ఎవరికి ఎక్కడ వీలైతే అక్కడ పెట్టేశారు మరి, కొన్ని ఇన్‌పుట్‌లో (కీబోర్డు, మౌస్ లాంటివాటి విభాగం), కొన్ని మిస్క్‌లో (ఎక్కడా ఇమడనివాటి విభాగం), కొన్ని హెచ్‌డబ్ల్యూమాన్‌లో (వోల్టేజ్, ఉష్ణోగ్రత లాంటివి గమనించే విభాగం).

ఏడీఎక్స్ఎల్345 యాక్సిలరోమీటర్‌నే (త్వరణం కొలిచే చిప్) తీసుకోండి. 2010లోనే ఇన్‌పుట్‌లో డ్రైవర్ వచ్చింది, 2017లో ఐఐఓలో ఇంకోటి వచ్చింది, రెండూ ఒకే చిప్ నాదంటే నాదంటాయి కాబట్టి ఇన్‌పుట్‌ది ఆఫ్‌లో ఉంటేనే ఐఐఓది ఆన్ అయ్యేలా కేకాన్ఫిగ్‌లో (కెర్నల్ బిల్డ్‌లో ఏవేవి ఉండాలో ఎంచుకునే సెట్టింగ్‌ల ఫైల్) కండిషన్ పెట్టాల్సొచ్చింది. గొడవ ఆగింది గానీ మెయింటెయిన్ చేయాల్సినవి రెండు అలాగే ఉన్నాయి.

అందుకే గిట్ గ్రెప్ (కోడ్‌లో పదాలు వెతికే కమాండ్) కొట్టేటప్పుడు ఐఐఓ ఫోల్డర్లో మాత్రమే కాదు, మొత్తం ట్రీలో కొట్టండి. ఫైల్ పేర్లు నమ్మొద్దు, ఆ పాత ఇన్‌పుట్ డ్రైవర్ ఫైల్ పేరు ఏడీఎక్స్ఎల్34ఎక్స్, 345 అని పేర్లలో వెతికితే దొరకదు. పార్ట్ నంబర్, కంపాటిబుల్ స్ట్రింగ్ (చిప్‌ని డ్రైవర్‌తో జతచేసే పేరు) రెండూ ఫైళ్ల లోపల వెతకండి. లినక్స్-నెక్స్ట్ (రాబోయే వెర్షన్ కోసం చేరుతున్న మార్పుల ట్రీ) కూడా ఓసారి చూడండి, ఈలోపు ఎవరైనా పంపేసి ఉండొచ్చు.

తర్వాత అదే ఫ్యామిలీ చిప్‌ల రిజిస్టర్ మ్యాప్ (చిప్ లోపలి మెమరీ గదుల పట్టిక) పక్కపక్కన పెట్టి చూడండి. ఏడీఎక్స్ఎల్345లో మొదటి రిజిస్టర్ చదివితే హెక్స్‌లో ఈ5 వస్తుంది, అదే ఫ్యామిలీ ఏడీఎక్స్ఎల్375లో కూడా అదే ఈ5, తేడా ప్రధానంగా రేంజ్, స్కేల్‌లోనే. ఇలాంటిదానికి కొత్త ఫైల్ దేనికండీ, ఉన్న డ్రైవర్లో చిప్ ఇన్ఫో (ఆ చిప్ వివరాలు) ఎంట్రీ ఒకటి చేరిస్తే అయిపోతుంది, 375ని కూడా ఐఐఓలో ఉన్న 345 డ్రైవర్లోనే చేర్చారు.

ఏడీసీ (వోల్టేజ్‌ని అంకెలుగా మార్చే చిప్) రీడింగ్ హెచ్‌డబ్ల్యూమాన్‌లో కనపడాలంటే రెండో డ్రైవర్ రాయొద్దు, ఐఐఓ-హెచ్‌డబ్ల్యూమాన్ బ్రిడ్జ్ ఉంది, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే ఫైల్) ఒక నోడ్ చాలు.

పాత డ్రైవర్‌ని మాత్రం దూకుడుగా పీకేయకండి. దాని ఈవెంట్ డివైస్ మీద ఎవరి ప్రోగ్రామో నడుస్తుంటుంది, యూజర్‌స్పేస్ (కెర్నల్ మీద నడిచే ప్రోగ్రాములు) విరగ్గొడితే లినక్స్ సృష్టికర్త టోర్వాల్డ్స్ ఊరుకోడు. ట్యాప్ (తట్టడం), ఫ్రీఫాల్ (కింద పడటం) లాంటివి గుర్తించే సౌకర్యాలు ముందు ఐఐఓ వైపు తెచ్చి, ఆ తర్వాతే తీసేసే మాట ఎత్తండి. బీఎంపీ085 ప్రెజర్ సెన్సర్‌కి ఐఐఓలోని బీఎంపీ280 డ్రైవర్లో సపోర్ట్ వచ్చాకే మిస్క్‌లోది పోయింది.

ప్యాచ్ పంపేటప్పుడు ఇంకోటి, గెట్-మెయింటెయినర్ స్క్రిప్ట్ మీరు ముట్టుకున్న ఫైళ్ల వాళ్లనే చూపిస్తుంది, పాత సబ్‌సిస్టమ్ వాళ్లని మీరే సీసీలో పెట్టాలి, కొత్త ఫైల్ ఎందుకు తప్పలేదో కవర్ లెటర్లోనే (ప్యాచ్‌లతో పంపే పరిచయ మెయిల్) రాసేయండి, లేకపోతే రివ్యూలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.