గెడ్డలు పొంగకముందే: కొండ ఊళ్లలో తొలికాన్పు జాగ్రత్తలు

మన్యంలో ఆగస్టు, సెప్టెంబరుల్లో తొలికాన్పు పడితే గెడ్డ (కొండవాగు) సంగతి ముందు చూసుకోండి. వాన పడే రాత్రి నొప్పులొస్తే 108 రోడ్డు ఉన్నంతవరకే వస్తుంది, అక్కడిదాకా కర్రకు గుడ్డ కట్టి మోసే డోలీయే గతి. అందుకని డాక్టరు చెప్పిన తేదీకి రెండు మూడు వారాల ముందే అమ్మాయిని కిందికి దించేయండి. సాలూరులోలా గర్భిణుల వసతిగృహం ఉంటే సరే, లేదంటే ఆసుపత్రి దగ్గర చుట్టాలిల్లయినా పర్వాలేదు.

24 వారాల లోపు ఒక్క స్కానింగైనా తీయించండి, నెలల లెక్క, కవలల సంగతి తేలిపోతాయి. ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచిత పరీక్షలుంటాయి. తర్వాత మళ్లీ స్కాన్ కుదరకపోయినా టెన్షన్ పడొద్దు, అనుభవమున్న నర్సమ్మ చెయ్యి, టేపు చాలా చెబుతాయి. 24 వారాలు దాటాక పొట్ట ఎత్తు సెంటీమీటర్లలో ఇంచుమించు వారాల సంఖ్యకు దగ్గరగా ఉండాలి. 36వ వారంలో బిడ్డ తల కిందికి ఉందో లేదో చేత్తో చూడమని అడగండి, మొహమాటం వద్దు. బిడ్డ అడ్డంగానో ఎదురుకాళ్లతోనో ఉన్నా, తల్లి ఎత్తు 145 సెంటీమీటర్ల లోపున్నా, బీపీ 140/90 తాకినా, రక్తం (హిమోగ్లోబిన్) 7 గ్రాముల లోపున్నా సిజేరియన్ చేయగల ఆసుపత్రికే వెళ్లాలి. పొట్టిగా ఉంటే ఆపరేషనే అని కాదు, అవసరమైతే థియేటర్ దగ్గర్లో ఉండాలని.

తొలికాన్పు ఆలస్యమే. గర్భాశయ ముఖద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్నాక కూడా 12 గంటల దాకా పట్టొచ్చు, కాబట్టి కంగారు పెట్టకండి, కానీ గడియారం మాత్రం చూస్తూ ఉండాలి. పీహెచ్‌సీలో నర్సు పార్టోగ్రాఫ్ (కాన్పు ఎలా సాగుతోందో చూపే చార్టు) గీయాలి, కనీసం అరగంటకోసారి బిడ్డ గుండె వినాలి. అది నిమిషానికి 110 కంటే తగ్గినా 160 దాటినా, ఉమ్మనీరు ఆకుపచ్చగా వచ్చినా, రక్తం పోతున్నా, ఫిట్స్ వచ్చినా, ముక్కడం మొదలై గంట దాటాక కూడా తల కిందికి జరగకపోయినా ఇంకాసేపు చూద్దామనే మాట వద్దు, బండి పిలవాల్సిందే.

ఇంట్లో నొప్పులు పెరగడానికి ఇంజక్షన్ వేస్తామని ఎవరొచ్చినా వేయనివ్వకండి. దారి ఇరుకైతే గర్భసంచి చిరిగే ప్రమాదముంది, బిడ్డకు ఊపిరాడదు. పొట్ట మీద బలంగా నొక్కడమూ అంతే. ద్వారం పూర్తిగా తెరుచుకోకముందే ముక్కమని తరిమేవాళ్లుంటారు, పెద్దవాళ్లే అనుకోండి, వాళ్లకూ అడ్డుచెప్పాలి.

ఊళ్లో సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో, డోలీ ఎవరు మోస్తారో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి. రక్తం ఇవ్వగల ఇద్దరిని సిద్ధంగా ఉంచండి. బండి ఎక్కించేటప్పుడు నొప్పులు మొదలైన టైం, ఉమ్మనీరు పోయిన టైం, ఏ మందు ఎప్పుడు ఇచ్చారో కాగితం మీద రాసి తల్లి కార్డుతో పాటు పంపండి, పెద్దాసుపత్రిలో మొదట అడిగేవి అవే.