జపాన్‌లో గుడికి వెళ్తే దండం ఎలా పెట్టాలి

జపాన్ వెళ్లిన మనవాళ్లలో చాలామంది గుళ్లను ఫొటోల కోసమే చూసి వచ్చేస్తారు. అక్కడ మీది ఏ మతం అని ఎవరూ అడగరు, నేరుగా వెళ్లి దండం పెట్టుకోవచ్చు, కాస్త పద్ధతి తెలిస్తే చాలు.

ముందు అది ఏ గుడో చూసుకోండి. రెండు స్తంభాల మీద అడ్డదూలాలున్న ద్వారం కనిపిస్తే సాధారణంగా షింటో గుడి, జింజా అంటారు. లోపల ధూపం, బుద్ధుడి విగ్రహం ఉంటే బౌద్ధాలయం. చప్పట్లు కొట్టేది జింజాలోనే. టోక్యోలో అందరూ వెళ్లే సెన్సోజీ బౌద్ధాలయం, అక్కడ చేతులు జోడించి తల వంచితే సరి.

ఇక చెప్పులు. గుడి కనబడగానే విప్పేయడం మనకు అలవాటు, కానీ అక్కడ ఆవరణంతా చెప్పులతోనే తిరుగుతారు. చెక్క నేల ఉన్న మందిరంలోకి ఎక్కేటప్పుడే విప్పాలి, కాబట్టి చిరిగిన సాక్సులు మాత్రం వేసుకెళ్లకండి.

జింజాలో ద్వారం దగ్గర కొంచెం వంగి, దారి మధ్యలో కాకుండా పక్కగా నడవండి, మధ్య దారి దేవుడిదట. నీళ్ల తొట్టి దగ్గర గరిటె కుడిచేత్తో పట్టుకుని ఎడమ చెయ్యి కడగాలి, చెయ్యి మార్చి కుడిది, తర్వాత ఎడమ అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించి తొట్టి బయట ఉమ్మాలి, మళ్లీ ఎడమ చెయ్యి కడిగి, చివరికి గరిటెను నిలువుగా ఎత్తితే మిగిలిన నీళ్లు కారి పిడి కూడా శుభ్రమవుతుంది. గరిటెకు నోరు తగలకూడదు. కరోనా తర్వాత కొన్నిచోట్ల గరిటెలే తీసేశారు, ధారగా పడే నీళ్లలో చేతులు కడుక్కుంటే చాలు. మందిరం ముందు నాణెం వేసి (చిల్లున్న 5 యెన్ల నాణెం శుభమంటారు), గంట ఉంటే మోగించి, రెండుసార్లు బాగా వంగి, రెండు చప్పట్లు కొట్టి, మనసులో కోరుకుని, ఇంకోసారి వంగాలి. పశ్చిమ జపాన్‌లోని ఇజుమో గుడిలో మాత్రం నాలుగు చప్పట్లు.

చాలా గుళ్లలో గోషుయిన్ ఇస్తారు, అంటే ఎర్ర ముద్ర వేసి దాని మీద కుంచెతో గుడి పేరు, తేదీ రాసిస్తారు. సాధారణంగా 300 నుంచి 500 యెన్లు, చిల్లర దగ్గర పెట్టుకోండి. దండం పెట్టుకున్నాకే అడగాలి, మామూలు నోట్‌బుక్ ఇస్తే రాయరు, దానికోసమే అమ్మే పుస్తకం కొనుక్కోవాలి. నన్నడిగితే ఫ్రిజ్ మాగ్నెట్ల కన్నా ఇదే మేలు.

మన దేవుళ్లు కూడా కనిపిస్తారు. బౌద్ధంతో పాటు చైనా మీదుగా వెళ్లిన సరస్వతి అక్కడ బెంజైతెన్, చేతిలో వీణకు బదులు బివా అనే జపాన్ తంత్రీవాద్యం. మహాకాలుడైతే గుర్తుపట్టలేం, దైకోకుతెన్‌గా మారి బియ్యం బస్తాల మీద నవ్వుతూ నిలబడతాడు! టోక్యో దగ్గరున్న కామకురాలోని జెనియారై బెంజైతెన్ గుడికి వీలుంటే వెళ్లండి. గుహలోని ఊటనీళ్లలో డబ్బు కడిగితే పెరుగుతుందని నమ్మకం. అక్కడిచ్చే చిన్న బుట్టలో నాణేలు వేసి కడగాలి, కొందరు నోట్లు కూడా తడుపుతారు. ఆ డబ్బు దాచుకోవడం కాదు, ఖర్చు పెట్టాలట. స్టేషన్ నుంచి నడిచే వెళ్లొచ్చు కానీ చివర్లో ఎత్తు బాగా ఉంటుంది, పెద్దవాళ్లు తోడుంటే టాక్సీ మాట్లాడుకోండి.