అంబాసిడర్ బుష్ కోసం హైదరాబాద్ దాకా ఎందుకు?

పాత అంబాసిడర్ కారు గానీ పద్మిని కారు గానీ ఇంట్లో ఉన్నవాళ్లకు ఒక మాట. చిన్న బుష్ (పిన్ను తిరిగే లోహపు గొట్టం ముక్క) అరిగిందంటే చాలామంది నేరుగా హైదరాబాద్ బస్సెక్కుతారు. ముందు మిర్యాలగూడలో రైస్ మిల్లుల పని చేసే లేతు షాపులో అడిగి చూడండి. మిల్లు షాఫ్టులకు బుష్‌లు తిప్పే చెయ్యి వాళ్లది, గేర్ రాడ్డు బుష్, డోర్ హింజి పిన్ను వాళ్లకు ఓ లెక్క కాదు. కోతల సీజన్‌లో మాత్రం వెళ్లకండి, మిల్లు పని వదిలి మన కారు ముట్టుకోరు.

అరిగిన బుష్ ఒక్కటే పట్టుకెళ్తే లాభం లేదు, అందులో తిరిగే పిన్ను కూడా ఇవ్వండి. బుష్ లోపల అరిగి వెడల్పై ఉంటుంది. పిన్ను అరగని చివర వెర్నియర్ (సన్నటి కొలతలు తీసే పనిముట్టు) పెడితేనే అసలు సైజు తెలుస్తుంది. పిన్ను మధ్యలో గోటికి గాడి తగిలితే రెండూ కొత్తవి చేయించాల్సిందే. గన్‌మెటల్ (ఒక రకం కంచు) కావాలని గట్టిగా చెప్పండి, లేదంటే చేతికందిన ఇత్తడి ముక్క పెట్టేస్తారు.

బోల్టుల దగ్గరే అసలు టెన్షన్. అంబాసిడర్ మూలం ఇంగ్లండ్ కారు మారిస్ ఆక్స్‌ఫర్డ్, కాబట్టి మరలు ఎక్కువగా ఇంచుల లెక్క. పద్మిని ఫియట్ బండి, మిల్లీమీటర్లు. 5/16 ఇంచు అంటే 7.94 మి.మీ. ఆ రంధ్రంలో 8 మి.మీ. బోల్టు సరిపోయినట్టే కనిపించి, రెండు చుట్లు తిరిగి బిగుసుకుంటుంది. అక్కడ పానాతో బలవంతం చేస్తే ఇంజిన్ బ్లాకులో మర పోతుంది.

బ్రేకు, స్టీరింగు సామాను మాత్రం లేతు మీద చేయించొద్దు. చక్రం దగ్గర బ్రేకు పట్టించే వీల్ సిలిండర్ రబ్బర్లు ఎంత తిరిగైనా కొత్తవే కొనండి.