స్పిన్ వేయగానే వాషింగ్ మెషీన్ ఊగిపోతోందా? ఇలా సరిచేయండి

ఉతకడం వరకూ అంతా బాగానే ఉంటుంది. తీరా స్పిన్ మొదలయ్యేసరికి మెషీన్ దడదడమంటూ జరిగిపోతుంది. లేదంటే వేగం అందుకోలేక మళ్లీ నీళ్లు లాక్కుంటుంది, టైమర్ ఎంతకీ కదలదు. ఎల్‌జీ మెషీన్లలో అయితే తెర మీద 'యూఈ' అని, శాంసంగ్‌లో 'యూబీ' లేదా 'యూఈ' అని కోడ్ కూడా పడుతుంది. వెంటనే మెకానిక్‌కి ఫోన్ చేయకండి. చాలాసార్లు మెషీన్‌లో ఏ లోపమూ ఉండదు, బట్టలన్నీ ఒకవైపు పోగుపడి ఉంటాయి, అంతే.

అంతమాత్రానికే ఇంత గోలెందుకంటే, అదంతా వేగం వల్ల. 50 సెంటీమీటర్ల వెడల్పున్న డ్రమ్ము నిమిషానికి 1200 చుట్లు తిరుగుతుంటే, అంచున ఉన్న బట్ట తన బరువుకు దాదాపు 400 రెట్ల బలంతో బయటికి లాగుతుంది. అంటే ఒకవైపు అరకిలో తడిబట్ట ఎక్కువున్నా, 200 కిలోల బరువు డ్రమ్మును పట్టి గుంజుతున్నట్టే. అందుకే మెషీన్ ముందు నెమ్మదిగా అటూ ఇటూ తిప్పి బట్టల్ని సర్దుకోవాలని చూస్తుంది. కుదరకపోతే ఆగిపోతుంది. విసుగొచ్చినా, అది మన మంచికే.

1. ఆపి, బట్టలు విడదీయండి

పాజ్ నొక్కి, డ్రమ్ము పూర్తిగా ఆగాకే మూత తీయండి. ఫ్రంట్ లోడ్‌లో నీళ్లుంటే ముందు డ్రెయిన్ చేయండి. ఇప్పుడు పెద్ద గుడ్డల లోపల చూడండి. బొంత కవరు నోరు తెరుచుకుని ఉంటే రెండు టవళ్లు, ఒక ప్యాంటు, నాలుగు సాక్సులు దాని కడుపులోకి చేరి, నీళ్లోడే పెద్ద ముద్దై కూర్చుంటాయి. అన్నీ బయటికి లాగి, దులిపి, డ్రమ్ము చుట్టూ సమంగా పరచండి. ఈసారి నుంచి అలాంటి కవర్లకు జిప్పు, గుండీలు పెట్టాకే వేయండి.

2. లోడ్ ఎంతుందో చూడండి

ఎక్కువ వేస్తేనే ఊగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి తక్కువ వేసినప్పుడే ఎక్కువ ఇబ్బంది. ఒక్క జీన్స్‌నో, ఒక్క బాత్ మ్యాట్‌నో వేస్తే ఎదురుగా సరితూగే బరువేదీ ఉండదు. తోడుగా రెండు మూడు టవళ్లు వేయండి. కర్చీఫులు, సాక్సుల వల్ల లాభం లేదు. మరీ కుక్కితే బట్టలు కదలవు కాబట్టి పైన జానెడు ఖాళీ వదలండి.

రెయిన్‌కోట్లు, వాటర్‌ప్రూఫ్ పరుపు కవర్లను మాత్రం స్పిన్‌లో వేయనే వేయకండి. వాటిలో నిలిచిన నీళ్లు బయటికి పోలేక, వేగం పెరిగాక ఒక్కసారిగా పక్కకు ఒరుగుతాయి. మెషీన్ పడిపోయే ప్రమాదం కూడా ఉంది.

3. ఖాళీగా ఒకసారి తిప్పండి

నా దృష్టిలో అన్నిటికంటే పనికొచ్చే పరీక్ష ఇదే. బట్టలన్నీ తీసేసి స్పిన్ ఒక్కటే పెట్టండి. సాఫీగా తిరిగితే సమస్య బట్టలదే, ఇక కింద చెప్పినవి చదవనక్కర్లేదు. ఖాళీగా ఉన్నా ఊగుతుంటే ముందుకు వెళ్దాం.

4. నాలుగు కాళ్లూ నేలకు ఆనాయా?

మెషీన్ పైభాగాన్ని ఎదురెదురు మూలల దగ్గర పట్టుకుని, ఒకదాని తర్వాత ఒకటి నొక్కండి. ఏమాత్రం 'టక్' మని కదిలినా ఏదో ఒక కాలు గాల్లో ఉన్నట్టు. ప్లగ్గు తీసేసి, ఆ కాలికున్న లాక్ నట్టును స్పానర్‌తో వదులు చేసి, కాలు నేలకు గట్టిగా ఆనేదాకా తిప్పండి. పైన రసమట్టం పెట్టి ముందు వెనకా, అడ్డంగా చూసుకోండి. అది లేకపోతే ఫోన్‌లోని లెవెల్ యాప్ చాలు. చివర్లో లాక్ నట్టును పైకి, బాడీకి ఆనేలా బిగించడం మరవద్దు. చాలామంది ఇక్కడే వదిలేస్తారు, కొన్నాళ్లకే ఊపులకు కాలు మళ్లీ తిరిగిపోతుంది. చక్రాల స్టాండు మీద ఉంటే దాన్ని తీసి నేల మీద పెట్టి చూడండి.

కొత్త ఫ్రంట్ లోడ్ మెషీన్ మొదటి రోజే భయంకరంగా ఊగితే వెనకవైపు చూడండి. రవాణాలో డ్రమ్ము కదలకుండా బిగించిన బోల్టులు అలాగే ఉండిపోయి ఉండొచ్చు. వాటిని తీయకుండా నడపకూడదు. తీశాక దాచిపెట్టుకోండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ కావాలి.

5. సస్పెన్షన్ పరీక్ష

ప్లగ్గు తీసి, ఖాళీ టబ్బును చేత్తో కిందికి నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకుంటే బాగున్నట్టే. వదిలాక కూడా ఊగుతూనే ఉన్నా, ఒక పక్కకు వాలి కనిపించినా సస్పెన్షన్ అరిగిపోయింది. టాప్ లోడ్‌లో టబ్బు నాలుగు రాడ్ల మీద వేలాడుతుంది. ఫ్రంట్ లోడ్‌లో పైన స్ప్రింగులు, కింద షాక్ అబ్జార్బర్లు ఉంటాయి. ఇది మెకానిక్ పనే. ఖాళీగా తిప్పినా ఊగుతోందని, కాళ్లు సరిచూశారని ముందే చెప్పండి. ఒక్క రాడ్డే పోయిందన్నా నాలుగూ కలిపి మార్పించండి. మూడు పాతవి, ఒకటి కొత్తది అయితే టబ్బు మళ్లీ ఒకవైపుకే లాగుతుంది.